రాతిలో దొరికిన ఆమ్లము

1776లో స్వీడన్ రసాయనశాస్త్రజ్ఞుడు షీలే మూత్రాశయపు రాళ్ళను పరీక్షించి, వానిలో ఒక క్రొత్త ఆమ్లమును కనుగొనెను. నేడు దానిని యూరిక్ ఆమ్లమందుము. అది ఆరోగ్యవంతుల మూత్రమునందును కలదు. మరి కొందరిలోనే రాయి అగుటకు కారణమేమి?

మూత్రము మిక్కిలి ఆమ్లముగా నున్నచో యూరిక్ ఆమ్లము కరుగక స్ఫటికములగును. 2004లో అమెరికా పరిశోధకులు, రాళ్ళున్న రోగులలో శరీరపు బరువు హెచ్చినకొలది మూత్రపు ఆమ్లత్వము కూడ హెచ్చుచున్నట్లు చూపిరి. స్థూలకాయులలో తరచు ఇన్సులిన్ చక్కగా పనిచేయదు. అందుచే మూత్రపిండములు ఆమ్లమును అణచు అమ్మోనియాను చాలినంతగా తయారుచేయలేవు. మాంసము హెచ్చైన భోజనము ఆమ్లమును ఇంకను పెంచును. పండ్లు, కూరగాయలు తగ్గించును.

కనుక రాయికి మూలము మూత్రపిండమునందే వెదకిన చాలదు. విస్తరిని, నడుమును గూడ చూడవలెను. నీరు చాలినంత త్రాగినచో మూత్రము పలుచనై రాయి కట్టు అవకాశము తగ్గును.