బడి, కార్ఖానా, స్టైపెండు

ఇప్పటి పిల్లలు ‘ఇంటర్న్‌షిప్’ అంటున్నది మన తరానికి తెలియని సంగతేమీ కాదు. చదువు ముగిసీ ముగియకముందే ఒక సంస్థలో పని నేర్చుకోవడం, నేర్చుకుంటున్నంత కాలం ఎంతో కొంత డబ్బు చేతికందడం - దీనికి మన దేశంలో చట్టం ఉంది. గుమాస్తాగా నా సర్వీసులో కొన్నేళ్లు అప్రెంటిసుల ఒప్పంద పత్రాలు చూసే సెక్షనులో గడిచాయి. అందుచేత ఈ ప్రత్యేక సంచికకు ఆ చరిత్రే రాయాలనిపించింది.

మొదటి చట్టం కంపెనీ పాలనలో, 1850లో వచ్చింది. అనాథలకు, ధర్మంతో పెరిగే పేద పిల్లలకు ఏదో ఒక వృత్తి నేర్పించాలన్నది దాని ముఖ్యోద్దేశం. పదేళ్లు దాటి 18 ఏళ్లు నిండని పిల్లలను తండ్రి గాని సంరక్షకుడు గాని ఒక యజమాని దగ్గర ఏడేళ్లకు మించకుండా కుదర్చవచ్చు. 21 ఏళ్లు నిండితే ఆ కట్టుబాటు తీరిపోతుంది. ఆడపిల్లకైతే పెళ్లితోనే తీరుతుంది. ఇందులో బడి ప్రసక్తే లేదు. యజమాని మంచివాడైతే పని వచ్చేది, కాకపోతే చాకిరీ మిగిలేది.

బడి వైపు నుంచి వచ్చిన ప్రయత్నం వేరు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అనే ఆలోచనను ముందుంచారు. డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ వేసి, ఏడేళ్ల ప్రాథమిక విద్యకు పథకం తయారుచేశారు. పిల్లలు వడికిన నూలు, నేసిన గుడ్డ అమ్మగా వచ్చిన డబ్బుతో బడి ఖర్చు కొంతైనా గడవాలని ఆశ. 1964-66 నాటి కొఠారి కమిషన్ ‘పని అనుభవం’ అన్న మాట తెచ్చి, అది పొలంలోనూ ఫ్యాక్టరీలోనూ కూడా జరగవచ్చని చెప్పింది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ దానికి ‘సామాజిక ఉపయోగకర ఉత్పాదక పని’ అని పేరు మార్చింది. పేరు పెద్దదే గాని, మా పిల్లల బడిలో అది కొవ్వొత్తులు, సుద్దముక్కలు చేయడం దాటి పోలేదు. వారానికి రెండు పీరియడ్లు. యజమాని లేడు, పిల్లవాడి చేతికి పైసా లేదు. అది నిలవకపోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం.

ఈ రెండు దారులనూ కలిపింది 1961 నాటి అప్రెంటిసుల చట్టం. 1962 మార్చి 1 నుంచి అమలయింది. కనీస వయసు 14 ఏళ్లు. మైనరైతే సంరక్షకుడు సంతకం చేయాలి, ఒప్పందం అప్రెంటిస్‌షిప్ సలహాదారు దగ్గర నమోదు కావాలి. పని నేర్పేది యజమాని, స్టైపెండు ఇచ్చేదీ యజమానే. పనికి సంబంధించిన పాఠాలకయ్యే ఖర్చు ప్రభుత్వానిది. ఆ చట్టం రాసినవాళ్లు ఆలోచించి రాశారనడానికి ఒక నిబంధన చాలు: అప్రెంటిసుకు చేసిన వస్తువుల లెక్కన కూలి కట్టకూడదు, ఉత్పత్తి బోనసు పథకాల్లో పాల్గొనమనకూడదు. లెక్క మొదలైతే నేర్చుకోవడం ఆగిపోతుందని వాళ్లకు తెలుసు. రాత్రి 10 నుంచి ఉదయం 6 లోపు ముందస్తు అనుమతి లేకుండా పని చేయించరాదన్నారు.

అయితే అదే చట్టంలో 18వ సెక్షను అప్రెంటిసు కార్మికుడు కాదు, శిక్షణలో ఉన్నవాడేనంటుంది. 22వ సెక్షను శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదంది. కొడుకు టర్నరు ట్రేడులో చేరుతుంటే బీడీలు చుట్టే ఒక తల్లి మా సెక్షనుకు వచ్చి, వేలిముద్ర వేసేముందు అడిగింది: “నేర్పినాక వాళ్లే ఉంచుకుంటారా బాబూ?” “అలాగని కాగితంలో లేదమ్మా” అన్నాను. కాసేపు ఆలోచించి, “నెలనెలా ఇచ్చేది మాత్రం ఉంది గదా” అని వేలు సిరాలో ముంచింది. ఆ స్టైపెండే లేకపోతే ఆ కుర్రవాణ్ని ఆమె ఏ హోటల్లోనో పెట్టేసేది.

1973 సవరణతో షెడ్యూల్డు కులాలకు, తెగలకు స్థానాలు కేటాయించారు. పట్టభద్రులనూ చట్టంలోకి తెచ్చారు. 1975లో ఇందిరాగాంధీ ప్రకటించిన ఇరవై సూత్రాల్లో చివరిది అప్రెంటిసుల పథకమే. పై నుంచి తాఖీదులు, కింద నుంచి రిటర్నులు - ఆ రోజులు మన సభ్యులకు వేరే చెప్పాలా!

ఇంటర్మీడియట్ వొకేషనల్ పిల్లలకు 1986 సవరణ దారి తీసింది. ఏడాది శిక్షణ, స్టైపెండులో సగం కేంద్రం భరిస్తుంది. అదే ఏడాది జాతీయ విద్యా విధానం 1990 నాటికి ప్లస్ టూ పిల్లల్లో పది శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలంది. 1992లో ఆ గడువులను మరో ఐదేళ్లు జరిపారు. కోర్సు తెరవడం ఒక జి.ఓ.తో అయిపోతుంది, పిల్లవాణ్ని లోపలికి రానిచ్చే యజమాని జి.ఓ.తో దొరకడు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు కొంత జవాబు 1995 జనవరిలో వచ్చింది. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అప్రెంటిసుల కేసులో సుప్రీంకోర్టు, ఇతర అర్హతలు సమానమైతే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలంది. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి నుంచి పేరు రానక్కరలేదనీ చెప్పింది. 2014 సవరణతో, అప్రెంటిసులను తీసుకునే విషయంలో ప్రతి యజమానీ తన విధానం తానే రూపొందించుకోవాలన్నారు. ప్రమాదకర పరిశ్రమల ట్రేడులకు కనీస వయసు 18కి పెంచారు.

స్టైపెండు సంగతి: 2019 నిబంధనల్లో కనీస మొత్తం పదో తరగతి పాసైనవారికి నెలకు 6,000, ఇంటర్ పాసైనవారికి 7,000 రూపాయలని నిర్ణయించారు. 2016 పథకం ప్రకారం కేంద్రం భరించే వాటాను 2023 నుంచి నేరుగా అప్రెంటిసు బ్యాంకు ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. మన ఇళ్లలో పిల్లలెవరైనా ఇలా చేరుతుంటే, ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందో లేదో మొదటి నెలలోనే చూసుకోమనండి. నమోదు లేని శిక్షణకు ఆఖరున అప్రెంటిసు సర్టిఫికెట్ రాదు.