గెలాక్సీ రకం చెప్పేదెంత? సర్పిల డిస్క్‌ల నిర్మాణంపై ఒక పరిశీలన

ఎడ్విన్ హబుల్ 1926లో సర్పిల గెలాక్సీలను వరసలో పెట్టినప్పుడు మూడు గుర్తులు చూశాడు: నడిమి ఉబ్బు ఎంత పెద్దది, బాహువులు ఎంత బిగుతుగా చుట్టుకున్నాయి, ఆ బాహువులు ఎంత స్పష్టంగా విడివడి కనిపిస్తున్నాయి. ఎస్‌ఏ నుంచి ఎస్‌సీ దాకా ఈ మూడూ కలిసే మారతాయన్న నమ్మకం మీద ఆ వరస నిలబడింది. జెరార్ డి వోకులర్ 1959లో దాన్ని ఎస్‌డీ దాకా పొడిగించాడు. అయితే ఆ పొందిక అనుకున్నంత గట్టిది కాదు. 1981లో రాబర్ట్ కెనికట్ బాహువుల వంపు కోణాలు కొలిచినప్పుడు సగటున రకంతోపాటు కోణం పెరిగింది గాని, ఒకే రకంలో తేడాలు చాలా ఎక్కువగా వచ్చాయి. గెలాక్సీ జూ అనే ప్రాజెక్టులో ఔత్సాహికులు చేసిన వర్గీకరణ ఆధారంగా 2019లో కారెన్ మాస్టర్స్ బృందానికి ఉబ్బుకూ బాహువుల బిగువుకూ మధ్య బలమైన సంబంధం కనబడలేదు. కాబట్టి రకం పేరు డిస్క్ ఆకారం గురించి చెప్పేది తక్కువ. ఆ డిస్క్‌లో వాయువు ఎంత మిగిలింది, నక్షత్రాలుగా ఎంత మారింది అన్నదాని గురించి చెప్పేదే ఎక్కువ అని నా వాదన.

దీనికి ఎదురుగా కెన్ ఫ్రీమన్ 1970 నాటి ఫలితాన్ని చూపవచ్చు. ఆయన పరిశీలించిన 36 గెలాక్సీల్లో 28 డిస్క్‌ల కేంద్రపు వెలుగు, రకంతో పనిలేకుండా, చదరపు ఆర్క్‌సెకనుకు 21.65 నీలి మాగ్నిట్యూడ్‌ల చుట్టూనే తేలింది. అలాంటప్పుడు రకంతో మారేదేముంది? మైక్ డిస్నీ 1976లోనే దీన్ని శంకించాడు: ఆకాశపు వెలుగు కన్నా మసకగా ఉన్న డిస్క్‌లు అసలు లెక్కలోకే రావు. ఢిల్లీలోని మయూర్ విహార్ ఆకాశాన్ని తీసుకుంటే ఈ శంక బలం తెలుస్తుంది. యమున పక్కనే ఉన్నా నగర దీపాల వెలుగులో అక్కడ పాలపుంత కనబడదు. ఆండ్రోమెడా డిస్క్ ఆకాశంలో దాదాపు మూడు డిగ్రీల మేర పరుచుకున్నా, చిన్న దూరదర్శినికి దొరికేది నడుమ ఉన్న వెలుగు మచ్చ మాత్రమే. అది చూసిన మనిషి సర్పిల గెలాక్సీని దీర్ఘవృత్తాకార గెలాక్సీ అనుకుంటే తప్పు పట్టలేం. చీకటి వేధశాలలకూ ఇలాంటి హద్దే ఉంది, కాస్త దూరంలో. 1996లో రూలోఫ్ డి యోంగ్ 86 గెలాక్సీలతో చేసిన అధ్యయనంలో వరస చివరి రకాల డిస్క్‌లు మసకబారాయి. డిస్క్ పరిమాణానికి మాత్రం రకంతో పొత్తు కుదరలేదు.

డిస్క్ మందం సంగతి ఇంకా ఆసక్తికరం. కోమా బెరినిసెస్ నక్షత్రరాశిలోని యూజీసీ 7321 ఎస్‌డీ రకం గెలాక్సీ; ఉబ్బు లేదు, మనకు అంచు వైపు నుంచి కనిపిస్తుంది, పొడవు మందానికి పది రెట్లు. ఎదురుగా చూడగలిగితే దాని కేంద్రపు వెలుగు దాదాపు 23.5 మాగ్నిట్యూడ్లు, అంటే ఫ్రీమన్ అంకె కన్నా మసక. ఇప్పుడు తిరుపతి ఐఐఎస్‌ఈఆర్‌లో ఉన్న అరుణిమ బెనర్జీ, లిన్ మాథ్యూస్, చందా జోగ్‌లతో కలిసి 2010లో దీన్ని లెక్కగట్టి, అన్ని వ్యాసార్ధాల వద్దా కృష్ణ పదార్థానిదే పైచేయి అని, దాని పరివేషం (హాలో) సాంద్రంగా, ఇరుకుగా ఉందని తేల్చారు. ఆ గురుత్వమే నక్షత్రాలను తలానికి అదిమి పట్టి ఉంచుతోంది. ఒక్క గెలాక్సీతో సూత్రం కట్టకూడదన్న అభ్యంతరం సబబే. నక్షత్రాల నిలువు చలనం ఎంత తక్కువన్నదీ మందాన్ని నిర్ణయిస్తుంది. అయినా ఈ రెండు కారణాల్లో ఏదీ హబుల్ చూసిన మూడు గుర్తుల్లో లేదు. ఒకే ఎస్‌డీ పేరు కింద సాధారణ మందం గల డిస్క్‌లూ, ఇంత పలుచనివీ ఉంటున్నాయంటే, వాటిని విడదీయడానికి ఛాయాచిత్రం చాలదు. హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగాల్లో వాయువు భ్రమణాన్నీ మందాన్నీ విడివిడిగా కొలవాలి.