తల తెగిన శిలువ

ఆల్డస్ హక్స్‌లీ 1932లో వెలువరించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలలో శిలువలన్నిటికీ తల తీసేస్తారు. అడ్డకొయ్యకు పైన ఉన్న ముక్క పోతే మిగిలేది ఇంగ్లీషు అక్షరం టీ. ఆ రాజ్యంలో అదే పవిత్ర చిహ్నం. క్రైస్తవులు నుదురు మొదలుకొని శిలువ గుర్తు వేసుకుంటే, వీళ్లు పొట్ట మీద టీ గీసుకుంటారు. భక్తి నెత్తి నుంచి కడుపులోకి దిగిందన్నమాట! హక్స్‌లీ వెటకారం అలా ఉంటుంది.

ఆ టీ ఒక కారుది. హెన్రీ ఫోర్డ్ 1903 నుంచి తన కార్లకు ఏ, బీ, సీ అంటూ వరసగా అక్షరాలు తగిలించుకుంటూ వచ్చాడు. కొన్ని నమూనా దశ దాటనేలేదు. 1908 అక్టోబరులో బయటికొచ్చిన బండికి వరసలో టీ వచ్చింది, అంతే. దేవవాణీ లేదు, దివ్యదర్శనమూ లేదు. నవలలోని శకం మాత్రం ఆ ఏడాది నుంచే మొదలు. కథ నడిచేది ఫోర్డ్ శకం 632లో, అంటే మన లెక్కలో 2540.

గుర్తు కారుదే అయినా పూజ మాత్రం కన్వేయర్ బెల్టుకని నాకనిపిస్తుంది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో పనివాడి దగ్గరికే బండి కదిలివచ్చే ఏర్పాటు చేశాక, పన్నెండు గంటలకు పైగా పట్టే బిగింపు ఏడాది తిరక్కుండా గంటన్నరకు దిగింది. 850 డాలర్ల కారు కొన్నేళ్లకు 300 లోపే దొరికింది. నవలలో అదే బెల్టు మీద మనుషులు తయారవుతారు. సీసాల్లోని పిండాలు గంటకు 33⅓ సెంటీమీటర్ల చొప్పున 267 రోజుల్లో 2,136 మీటర్లు ప్రయాణించి ‘పుడతాయి’.

ఫోర్డ్ రాసుకున్న ‘మై లైఫ్ అండ్ వర్క్’ హక్స్‌లీకి 1926లో, ఇండియా, బర్మా, మలయా చూసుకుని అమెరికా వెళ్తుండగా ఓడలో దొరికింది. నవలలో అది నల్లటి నకిలీ తోలు అట్టతో, బంగారు టీ ముద్రలతో పాలకుడు ముస్తఫా మాండ్ గదిలో బల్ల మీద ఉంటుంది. బైబిలుండేది ఇనప్పెట్టెలో.

అయితే తల లేని శిలువ క్రైస్తవానికి కొత్తేమీ కాదు. దాన్ని తౌ శిలువ అంటారు. పేదరికాన్నే వ్రతంగా పట్టిన అస్సీసీ ఫ్రాన్సిస్ 13వ శతాబ్దంలో దాన్ని తన సంతకంగా వాడుకున్నాడు. నవలలో, పాతవి పారేసి కొత్తవి కొనడమే ధర్మమనే మతానికి అదే గుర్తు కావడం భలే విచిత్రం.

నవల వచ్చేనాటికి కోటిన్నర టీ కార్లు తయారై, 1927లోనే ఆ బండి ఆగిపోయింది. దాని తర్వాతి కారుకు ఫోర్డ్ మళ్లీ ‘ఏ’ అనే పేరు పెట్టాడు.