బెక్‌జంగ్ అంటే కసాయి

న్యూయార్కులో కొరియన్ బార్బెక్యూ ఎక్కడ బాగుంటుందని అడిగితే చాలామంది చెప్పే పేరు బెక్‌జంగ్. మాన్‌హట్టన్, 32వ వీధి, కొరియాటౌన్. కొరియాలో ఒకప్పుడు పెద్ద కుస్తీ వీరుడు, తర్వాత టీవీ స్టార్ అయిన కాంగ్ హోడాంగ్ పేరుతో మొదలైన చైను అది. 2010ల్లో లాస్ ఏంజెలెస్‌కీ, న్యూయార్కుకీ వచ్చింది.

ఆన్‌సైట్ పని మీద న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఓ శుక్రవారం టీమంతా అక్కడికి వెళ్ళాం. గంటసేపు లైను. టేబుల్ మధ్యలో నిప్పుల గుంట, దాని మీద ఇనప పెనం, పెనం చుట్టూ కాలవలాంటి అంచు. ఆ అంచులో ఓ పక్క గిలక్కొట్టిన గుడ్డు, ఇంకో పక్క మొక్కజొన్న-చీజు ఉడుకుతుంటాయి. వెయిట్రెస్ పటకారు, కత్తెర పట్టుకొచ్చి మన కళ్ళముందే కాల్చి ముక్కలు చేసి పెడుతుంది. మాంసాన్ని కత్తెరతో కోయడం నేను చూడ్డం అదే మొదలు. మా గుంపులో ఇద్దరు శాకాహారులు. కిమ్చీలో చేపల పులుసు పోస్తారని తెలిసాక అదీ పక్కన పెట్టేశారు పాపం :)

టీంలో ఉన్న కొరియన్ కుర్రాణ్ణి ఊరికే అడిగా, బోర్డు మీద పేరుకి అర్థం ఏంటని. "కసాయి" అన్నాడు. కొంచెం ఆగి, "మీ కాస్ట్ లాంటిది మాకూ ఉండేది. అందులో అందరికన్నా కింద ఉండేవాళ్ళ పేరది" అన్నాడు. ఆ టేబుల్ దగ్గర తెలుగువాళ్ళం ఆరుగురం. ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినవి చదువుతూ పోయాను. చదివినకొద్దీ మన కథలాగే అనిపించింది. కొంతదూరం వరకూ.

కొరియన్లు మొదట్నించీ ఇలా మాంసం కాల్చుకు తింటున్నారనుకుంటాం కదా, అదేం కాదు. గొర్యో రాజ్యంలో (918-1392) బౌద్ధం బలంగా ఉండేది. 1123లో చైనా సోంగ్ చక్రవర్తి రాయబారి వెంట వచ్చిన షూ జింగ్ అనే ఆయన, ఈ దేశం వాళ్ళకి జంతువుని కోయడం సరిగ్గా చేతకాదని రాసుకున్నాడు. 1231లో మొదలైన మంగోలు దండయాత్రల తర్వాత మాంసం మళ్ళీ బాగా వాడుకలోకి వచ్చింది. తర్వాత వచ్చిన జోసన్ రాజులు (1392-1910) కన్‌ఫ్యూషియస్ మతం వాళ్ళు. వాళ్ళకి మాంసంతో పేచీ లేదు గానీ దుక్కికి ఎద్దు కావాలి. అందుకని పశువుల్ని కోయకూడదని పదే పదే ఆజ్ఞలు వేశారు. అన్నిసార్లు వెయ్యాల్సి వచ్చిందంటేనే ఎంతమంది పాటించారో తెలుస్తోంది. యాంగ్‌బాన్లు, అంటే చదువూ భూమీ అధికారమూ ఉన్న పెద్దకులం వాళ్ళు, చలికాలం మొదట్లో కుంపటి చుట్టూ కూర్చుని గొడ్డుమాంసం కాల్చుకు తినేవాళ్ళు. సంగ్ హ్యప్ అనే చిత్రకారుడు గీసిన అలాంటి విందు బొమ్మ ఒకటి సియోల్ నేషనల్ మ్యూజియంలో ఉంది. ఇవాళ్టి బార్బెక్యూ టేబుల్‌కి అదే తాత అనుకోవచ్చు.

ఆ బొమ్మలో తినేవాళ్ళు ఉన్నారు. కోసినవాడు లేడు.

కోసినవాడు ఊరి బయట వేరే పేటలో ఉండాలి. పట్టు కట్టకూడదు, పెంకుటిల్లు వేసుకోకూడదు, పెద్దమనుషులు పెట్టుకునే గుర్రపువెంట్రుకల టోపీ పెట్టుకోకూడదు. నెరిసిన తలవాడైనా సరే, మామూలు రైతు కొడుకు ముందు వంగి మాట్లాడాలి. తిన్న చెయ్యి కడుక్కుంటే శుభ్రం, కోసిన చెయ్యి మాత్రం తరతరాలూ మైలే. ఎక్కడో విన్నట్టు లేదూ?

ఇక్కడో చిత్రం ఉంది. బెక్‌జంగ్ అంటే అంతకుముందు మామూలు రైతు జనమనే అర్థం. 1423లో సేజోంగ్ రాజు (కొరియా లిపిని తయారుచేయించిన ఆయనే) వీళ్ళు మిగతా జనంలో కలిసిపోవాలని ఆ మర్యాదైన పేరు ఇచ్చాడు. మిగతా జనం ఏం చేశారు? 'కొత్త బెక్‌జంగ్‌లు' అని పిలవడం మొదలెట్టారు. కొన్నాళ్ళకి అసలు ఆ మాటే తిట్టయిపోయింది. మన దగ్గరా పేర్ల కథ ఉంది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన 'పంచములు' అన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అన్నారు. తేడా ఏంటంటే అక్కడ పేరు పైనుంచి వచ్చింది, ఇక్కడ వాళ్ళే పెట్టుకున్నారు.

1894లో చట్టం ఈ కులభేదాల్ని రద్దు చేసింది. అదే రోజుల్లో సియోల్‌లో పాక్ సంగ్‌చున్ అనే బెక్‌జంగ్ చర్చికి వెళ్తే, యాంగ్‌బాన్లు మాకు సీట్లు వేరుగా కావాలన్నారు. మిషనరీ ఒప్పుకోకపోతే చర్చే మానేసి వెళ్ళిపోయారు. పాక్ 1898లో వేలమంది కూడిన బహిరంగ సభలో ప్రసంగించాడు. ఆయన కొడుకు 1908లో కొరియా మొదటి వైద్య పట్టభద్రులు ఏడుగురిలో ఒకడయ్యాడు.

అయినా మామూలు ఊళ్ళలో ఏం మారలేదు. బెక్‌జంగ్ పిల్లల్ని బళ్ళలో చేర్చుకోలేదు. 1923 ఏప్రిల్లో జిన్జు ఊళ్ళో హ్యంగ్‌ప్యంగ్‌సా అనే సంఘం పుట్టింది. హ్యంగ్ అంటే త్రాసు, ప్యంగ్ అంటే సమం. కసాయి రోజూ పట్టుకునే త్రాసునే సమానత్వానికి పేరుగా పెట్టుకున్నారు! దానికి ఊరు ఇచ్చిన జవాబు, వాళ్ళ దగ్గర గొడ్డుమాంసం కొనడం మానేయడం. 1925లో యేచన్‌లో ఏకంగా మూకదాడే జరిగింది.

మరి ఎలా పోయింది? ఉద్యమం సగం పని చేసింది. మిగతా సగం 1950-53 యుద్ధం చేసింది. లక్షలమంది ఊళ్ళు వదిలేశారు. కొత్త పట్నంలో ఎవరి తాత ఎవరో అడిగే దిక్కు లేదు. తర్వాత ఫ్యాక్టరీలు, జీతాలు. 1970ల చివర్నించీ సామాన్యుడి పళ్ళెంలోకీ పందిమాంసం సంగ్యప్‌సల్ వచ్చింది. అంతా శుభం అని కాదు. క్రూరుడైన హంతకుణ్ణి ఇప్పటికీ 'మనిషి బెక్‌జంగ్' అనే తిడతారు. మా తాత బెక్‌జంగ్ అని బయటికి చెప్పుకునేవాళ్ళూ అరుదే. కానీ పెళ్ళిచూపుల్లో ఆ ప్రశ్న లేదు.

1965 ఇమ్మిగ్రేషన్ చట్టం తెరిచిన తలుపులోంచే వాళ్ళూ మనమూ అమెరికాలో అడుగుపెట్టాం. మనవాళ్ళూ ఊరు వదిలారు, జిల్లా వదిలారు, సముద్రాలు దాటారు. కులాన్ని మాత్రం చెకిన్ బ్యాగేజీలో భద్రంగా తెచ్చుకున్నారు. ఎంత భద్రంగా అంటే, 2023లో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఊరు మారితే కులం దానంతటదే పోతుందనే మాట మన విషయంలో అబద్ధమని తేలిపోయింది.

కొరియాలో అది పోవడానికి ఒక త్రాసు, ఒక యుద్ధం కావాల్సి వచ్చాయి. మనకి యుద్ధం అక్కర్లేదు. రోజూ ఫారాలు డిజైన్ చేసే వాళ్ళం కదా, పెళ్ళి సంబంధాల సైటులో ఆ ఒక్క ఫీల్డుని ఖాళీగా వదిలి సబ్మిట్ కొట్టి చూడండి. అది తప్పనిసరి అని ఎర్రగా చూపించేది సైటో, ఇంట్లోవాళ్ళో, మనమేనో తెలిసిపోతుంది.