స్టేషన్ బ్లాకౌట్: విద్యుత్ కేంద్రానికే కరెంటు అందనప్పుడు

కరెంటు పుట్టించే కేంద్రం నడవాలన్నా కరెంటు కావాలి. నీటి పంపులు, బేరింగులకు నూనె అందించే మోటార్లు, గాలి పంకాలు, కంట్రోల్ రూమ్‌లోని మీటర్లు, ప్రమాదం వస్తే యంత్రాన్ని ఆపే రిలేలు అన్నీ దానిమీదే ఆధారపడతాయి. గ్రిడ్ నుంచి కేంద్రానికి వచ్చే ఈ సరఫరా తెగిపోతే బయటి విద్యుత్ పోయిందంటారు. కేంద్రంలోని డీజిల్ జనరేటర్లు కూడా అందుకోలేకపోతే అది స్టేషన్ బ్లాకౌట్.

బొగ్గు కేంద్రంలో ఇలా జరిగితే బాయిలర్ ఆరిపోతుంది, నష్టం ఎక్కువగా యంత్రాలకే. అణు కేంద్రం సంగతి వేరు. రియాక్టర్‌ను ఆపగానే కేంద్రక విచ్ఛిత్తి ఆగుతుంది గానీ, అప్పటికే ఇంధనంలో పోగుపడిన రేడియోధార్మిక పదార్థాలు వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం ఉంటుంది. గంట తర్వాత సుమారు ఒకటిన్నర శాతం, ఒక రోజు గడిచాక కూడా దాదాపు అర శాతం. నీళ్లు తిరగకపోతే ఇంధనం కరుగుతుంది.

అందుకే భారతీయ అణు కేంద్రాల్లో సరఫరాను నాలుగు తరగతులుగా ఏర్పాటు చేస్తారు. గ్రిడ్ నుంచి, కేంద్రం సొంత జనరేటర్ నుంచి వచ్చేది నాలుగో తరగతి. అది పోతే డీజిల్ జనరేటర్లు అందుకునేది మూడోది. ఇన్వర్టర్ల ద్వారా ఆగకుండా వచ్చే ఏసీ రెండోది. బ్యాటరీల నుంచి నేరుగా వచ్చే డీసీ ఒకటో తరగతి. అంకె తగ్గేకొద్దీ సరఫరాపై భరోసా పెరగాలి. బ్రేకర్ తెరుచుకోవాలన్న ఆదేశం కూడా చాలావరకు బ్యాటరీ కరెంటుతోనే వెళ్తుంది. ఆ డీసీ లేనప్పుడు షార్ట్ సర్క్యూట్ జరిగినా బ్రేకర్ తెరుచుకోదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో అణు విద్యుత్ కేంద్రం లేదు. అణు ఇంధనం మాట మాత్రం ఇక్కడ చాలాసార్లు వినిపించింది. నాగార్జునసాగర్ దగ్గరి లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం తవ్వాలన్న ప్రతిపాదన జనాన్ని కదిలించింది. నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానం చేసింది. అదే నల్లమలలోని అమ్రాబాద్ అడవుల్లో, కొండ కడుపులో, ఏడాది తిరక్కముందే డీసీ సరఫరా ఎంత విలువైనదో తొమ్మిది ప్రాణాలు చెప్పాయి.

ఆ ప్రాణాలు పోయిన శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ దోమలపెంట, ఈగలపెంటల దగ్గర భూమిలోపల ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ ప్రాంతం 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, మొత్తం 900 మెగావాట్లు. జపాన్ రుణ సాయంతో కట్టారు. యూనిట్లన్నీ 2001 నుంచి 2003 మధ్య పనిలోకి వచ్చాయి. ఇవి రెండు వైపులా తిరిగే టర్బైన్లు. జలాశయం నీటితో కరెంటు తీస్తాయి, గ్రిడ్‌లో మిగులు ఉన్నప్పుడు కిందికి దిగిన నీటిని తిరిగి పైకి ఎత్తగలవు. కేంద్రంలోకి మనుషులు, వాహనాలు వెళ్లేది సొరంగం గుండానే.

2020 ఆగస్టు 20. కృష్ణకు వరద. ఎగువ నుంచి నీళ్లు దండిగా వస్తున్నాయి కనుక యూనిట్లు నడుస్తున్నాయి, అదే సమయంలో పాత బ్యాటరీల స్థానంలో కొత్తవి అమర్చే పని సాగుతోంది. రాత్రి పదిన్నర ప్రాంతంలో మంటలు లేచాయి. నాలుగో యూనిట్‌కు అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగింది. డీసీ సరఫరా దెబ్బతినడంతో, తనంతట తాను ఆగాల్సిన యంత్రం ఆగలేదన్నది ఆ తర్వాత బయటికి వచ్చిన వివరాల సారాంశం. ఇక్కడ గ్రిడ్ పోలేదు. పోయింది అట్టడుగున ఉండాల్సిన బ్యాటరీ ఆసరా. బయటి సరఫరా ఉండి కూడా లోపలి డీసీ లేకపోతే కేంద్రం తన్ను తాను కాపాడుకోలేదు. శ్రీశైలాన్ని అణు కేంద్రాల చర్చలోకి తేవడానికి కారణం ఇదే.

దీపాలు ఆరిపోయాయి, పొగ సొరంగం నిండా కమ్ముకుంది. కొందరు బయటపడ్డారు. మిగిలినవారు యంత్రాలను ఆపి, మంటను అదుపు చేయాలని లోపలే ఉండిపోయారు. మృతుల్లో ఏడుగురు రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీ సంస్థ మనుషులు. వారిని వెతకడానికి జాతీయ విపత్తు దళంతో పాటు గనుల్లో పొగకూ చీకటికీ అలవాటుపడిన సింగరేణి రెస్క్యూ సిబ్బంది కూడా లోపలికి వెళ్లారు. రాష్ట్ర ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది, జెన్‌కో విడిగా కమిటీ వేసింది. అక్టోబరులో మొదటి రెండు యూనిట్లలో ఉత్పత్తి మళ్లీ మొదలైంది. వరద నీరు ఎంత విలువైనదైనా, యూనిట్లు తిరుగుతుండగా బ్యాటరీల మీద చేయి వేయాలంటే వేరే బ్యాటరీ బ్యాంకు లైన్లో ఉండి తీరాలి. లేదంటే యంత్రాన్ని ఆపాలి. ఇందులో రాజీకి తావు లేదు.

అణు కేంద్రాల్లో ఇలాంటి ఆపద మనదేశంలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఉత్తరప్రదేశ్‌లోని నరోరాకు. 1993 మార్చి 31 తెల్లవారుజామున మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు బ్లేడ్లు విరిగాయి. ఆ అదురుకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ లీకై మంటలు అంటుకున్నాయి. ఆపరేటర్లు నిమిషంలోపే రియాక్టర్‌ను ఆపేశారు. కానీ ప్రధాన సరఫరా, అత్యవసర సరఫరా కేబుళ్లు దగ్గరదగ్గరగా ఒకే దారిలో వేసి ఉండటంతో అన్నీ కలిసి కాలిపోయాయి. డీజిల్ జనరేటర్లు ఉన్నా వాటి కరెంటు అవసరమైన చోటికి చేరే మార్గం లేకపోయింది. కంట్రోల్ రూమ్‌లోకి పొగ రావడంతో సిబ్బంది బయటికి రావాల్సి వచ్చింది. కొందరు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి, కవాటాలను చేత్తో తిప్పి, విచ్ఛిత్తి మళ్లీ మొదలవకుండా బోరాన్ కలిపిన ద్రవాన్ని లోపలికి వదిలారు. మంటలార్పే డీజిల్ పంపులతో ఆవిరి జనరేటర్లకు నీళ్లు పంపారు. ఆ కేంద్రం సుమారు 17 గంటలు బ్లాకౌట్‌లో ఉంది. రేడియోధార్మికత బయటికి రాలేదు. అంతర్జాతీయ అణు ఘటనల కొలమానంలో దీన్ని మూడో స్థాయిగా నమోదు చేశారు. నరోరాను కాపాడింది ఆ మనుషుల తెగువ, నీరు వేడెక్కితే దానంతట అదే తిరిగే సహజ ప్రవాహం.

జపాన్‌లోని ఫుకుషిమా దాయిచీకి ఆ అవకాశం దొరకలేదు. 2011 మార్చి 11 భూకంపంతో బయటి లైన్లు తెగాయి, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాలకు సునామీ వాటినీ ముంచేసింది. ఒకటి, రెండు యూనిట్లలో బ్యాటరీలు కూడా పోయాయి. నీటిమట్టం, పీడనం ఎంతో తెలుసుకోవడానికి సిబ్బంది కార్ల బ్యాటరీలు తెచ్చి మీటర్లకు కలిపారు. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. అదే ఆవరణలో గాలితో చల్లబడే ఒక డీజిల్ జనరేటర్ ముంపుకు చిక్కకపోవడం వల్ల ఐదు, ఆరు యూనిట్లు నిలిచాయి. మన కల్పాక్కం అణు కేంద్రం కూడా 2004 డిసెంబరు 26 సునామీలో పంపుహౌస్‌లోకి నీళ్లొచ్చి ఆగింది గానీ, విద్యుత్ పోలేదు. ఉక్రెయిన్‌లోని జపోరిజ్జియా 2022 నుంచి యుద్ధం వల్ల పలుమార్లు బయటి సరఫరా కోల్పోయి డీజిల్ మీద గడిపింది.

గ్రిడ్ మొత్తం కుప్పకూలితే దాన్ని తిరిగి నిలబెట్టేది ఎక్కువగా జలవిద్యుత్ కేంద్రాలే. గేటు తెరిచి టర్బైన్ తిప్పడానికి వాటికి కావాల్సిన కరెంటు చాలా తక్కువ. చిన్న డీజిల్ సెట్టు, బ్యాటరీలు ఉంటే చాలు. అలా పుట్టిన కరెంటును లైన్ల ద్వారా బొగ్గు, అణు కేంద్రాలకు పంపి వాటిని లేపుతారు. దీన్నే బ్లాక్ స్టార్ట్ అంటారు. దక్షిణ గ్రిడ్ పునరుద్ధరణ ఏర్పాట్లలో నల్లగొండ జిల్లాలోని నాగార్జునసాగర్‌కు, శ్రీశైలానికి ఈ బాధ్యత ఉంది. ఆ బాధ్యత నెరవేరాలంటే ఆ పవర్‌హౌస్‌లలోని బ్యాటరీ గది ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఒక్కో సెల్ వోల్టేజీ, యాసిడ్ సాంద్రత చూసి రిజిస్టర్‌లో రాసే పని షిఫ్టు సిబ్బందిది.