‘ఎడ్’ ఎలా గెలిచింది?

1802 మే నెల. కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ రాజుల వింతవస్తువుల భాండాగారంలోకి ఓ కంసాలి దొంగతనంగా చొరబడ్డాడు. పేరు నీల్స్ హైడెన్‌రైక్. అక్కడున్న రెండు బంగారు కొమ్ముబూరాలను ఎత్తుకెళ్లి కరిగించేశాడు. అవి దక్షిణ డెన్మార్క్‌లోని గాలెహూస్ గ్రామంలో, ఒకటి 1639లో, మరొకటి 1734లో బయటపడ్డవి. దొంగ తర్వాత దొరికాడు గానీ కొమ్ములు తిరిగి రాలేదు. అదృష్టవశాత్తూ 1734లో దొరికిన కొమ్ము మీది రాతను పండితులు ముందే చూసి బొమ్మ గీసుకున్నారు. సుమారు క్రీ.శ. 400 నాటి ఆ రూనిక్ రాతలో ఒక వ్యక్తి తన పేరు చెప్పుకుని, ఈ కొమ్మును నేనే చేశానని ప్రకటించాడు. ‘చేశాను’ అనడానికి అతను వాడిన మాట ‘తవిదో’.

ఆ మాటలోని ‘ద’ను గమనించండి. మన బడిపిల్లలు వల్లెవేసే ప్లేడ్, కాల్డ్, లవ్డ్ చివర వినిపించే ‘డ్’కు అది రక్తసంబంధి. ఇంగ్లీషు, జర్మన్, డేనిష్ లాంటి జర్మానిక్ భాషలన్నిటికీ ఈ గుర్తు ఉమ్మడి ఆస్తి.

ఇది ఎక్కణ్నుంచి వచ్చింది? ‘చేయు’ అనే అర్థమున్న పాత క్రియ, అంటే నేటి ‘డూ’కు పూర్వరూపం, ఇతర పదాలకు అతుక్కుపోయి ఇలా మిగిలిందని చాలామంది పండితుల అభిప్రాయం. తెలుగువాళ్లకు ఇది సులువుగా బోధపడుతుంది. మనమూ ఫోన్ చేశాను, డౌన్‌లోడ్ చేశాను అంటాం. కొత్త మాట ఏదొచ్చినా ‘చేయు’ తగిలించి క్రియగా నడిపించేస్తాం.

పాత ఇంగ్లీషులో ఈ పద్ధతి ఒక్కటే లేదు. సింగ్–సాంగ్, డ్రింక్–డ్రాంక్ లాగా పదం లోపలి అచ్చును మార్చి భూతకాలం చెప్పే క్రియలు పెద్ద సంఖ్యలో ఉండేవి. నేడు నియమబద్ధ క్రియకు నమూనాగా చూపించే ‘హెల్ప్’ కూడా వాటిలోదే. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్లో ‘హెల్ప్‌డ్’ అనాల్సిన చోట ‘హోల్పెన్’ కనిపిస్తుంది. ‘క్లైంబ్’, ‘వాక్’ కూడా ఒకప్పుడు ఆ గుంపులోవే.

ఆ బలగం ఎందుకు తగ్గింది? 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి క్రియలు పెద్దఎత్తున వచ్చిపడ్డాయి. సర్వ్, క్రై, ప్రే లాంటి కొత్తవాటికి అచ్చు మార్చే పాత పద్ధతి కుదరలేదు. దాదాపు అన్నీ ‘ఎడ్’ తగిలించుకున్నాయి. ‘ఎడ్’ వర్గం పెరిగేకొద్దీ పాత క్రియలనూ తనలోకి లాక్కుంది.

ఈ కథను హార్వర్డ్ పరిశోధకులు 2007లో ‘నేచర్’ పత్రికలో లెక్కగట్టి చూపారు. పాత ఇంగ్లీషులోని 177 అనియత క్రియలను ఎంచుకుని చూస్తే, మధ్యయుగ ఇంగ్లీషు నాటికి 145, ఈ రోజుకు 98 మాత్రమే అలాగే మిగిలాయి. ఎక్కువగా వాడే క్రియ నిలిచింది, తక్కువగా వాడేది మారిపోయింది. వాడకం వంద రెట్లు తక్కువైతే మార్పు పది రెట్లు వేగంగా వస్తుందని వారు తేల్చారు. బీ, హావ్, డూ, గో, సే లాంటివి ఇంకా లొంగకపోవడానికి కారణం ఇదే. ఏ తరమూ వాటిని మరిచిపోయేంత కాలం నోట పలకకుండా ఉండలేదు. అయితే ప్రవాహం అంతా ఒకవైపే సాగలేదు. కింగ్ జేమ్స్ బైబిల్లోనే ‘డిగ్’కు భూతకాలం ‘డిగ్డ్’ అని ఉంది. నేటి ‘డగ్’ ఆ తర్వాత గెలిచింది.

పలుకుబడీ మారింది. ఒకప్పుడు ‘ఎడ్’ను విడి అక్షరంగా, ‘లవ్–ఎడ్’ అని పలికేవారు. అందులోని అచ్చు జారిపోతుంటే రచయిత జొనాథన్ స్విఫ్ట్ తట్టుకోలేకపోయాడు. ఇంగ్లీషును చక్కదిద్దాలంటూ 1712లో చేసిన ప్రతిపాదనలో, హల్లులు ఒకదానికొకటి గుద్దుకుని భాష కటువైపోతోందని వాపోయాడు. జనం వినలేదు. మిగిలిన పద్ధతి చక్కనిది. ప, క లాంటి పరుషాల తర్వాత ‘ట్’: హెల్ప్‌ట్, వాక్ట్. నాదం ఉన్న ధ్వనుల తర్వాత ‘డ్’: కాల్డ్, ప్లేడ్. ‘ట్’, ‘డ్’ల తర్వాత మాత్రం పాత అచ్చు నిలిచింది: వాంటెడ్, నీడెడ్. మనం ‘హెల్పెడ్’ అనడం రాతను చూసి పలకడం వల్లే.

కాలాల సంఖ్య మీదా వాదం నడిచింది. ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యుడు జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఇంగ్లీషుకు ఉన్నవి రెండే కాలాలన్నాడు. క్రియ రూపాన్ని బట్టి చూస్తే అది నిజం: వాక్, వాక్డ్. 1795లో లిండ్లీ మర్రే వ్యాకరణం ఆరు చెప్పింది. మన గైడ్లలో పన్నెండు గళ్ల పట్టిక ఉంటుంది. నిజానికి ఆ గళ్లలో చాలావాటిని నింపేవి బీ, హావ్, విల్ అనే సహాయక క్రియలు. అసలు క్రియ మారేది వాక్స్, వాక్డ్, వాకింగ్ అనే మూడు విధాలుగానే.

మరి ఈ ‘డ్’ సూత్రం పిల్లలకు ఎలా అబ్బుతుంది? 1958లో అమెరికాలో జీన్ బెర్కో చిన్నపిల్లల ముందు కల్పిత క్రియలు పెట్టి పరీక్షించారు. ‘బింగ్’ చేయడం తెలిసిన మనిషి నిన్న ఏం చేశాడని అడిగితే, చాలామంది ‘బింగ్డ్’ అన్నారు. ఎన్నడూ వినని మాట అది, ఎవరూ నేర్పింది కాదు. పిల్లలు విన్న మాటల్లోంచి సూత్రాన్ని తామే పట్టుకున్నారన్నమాట.

మన తరగతుల్లో ‘గో–వెంట్–గాన్’ పట్టికలు బట్టీ పట్టిస్తాం. ‘గోడ్’ అన్న పిల్లవాడికి మార్కు కోస్తాం. తప్పు దిద్దాల్సిందే, కానీ ‘హోల్పెన్’ను ‘హెల్ప్‌డ్’గా మార్చిన ఆలోచనే ఆ పిల్లవాడిలో పనిచేసిందని గురువు గుర్తించాలి. ముందు ‘డ్’ సూత్రాన్ని, దాని మూడు పలుకుబడులను చెవికి అలవాటు చేయండి. ఆపైన రోజూ వాడే పదీ ఇరవై అనియత క్రియలను కథల్లో, సంభాషణల్లో పదేపదే వినిపించండి. పదిహేను వందల ఏళ్లుగా వాటిని కాపాడింది వాడకమే. మన పిల్లలకు నేర్పగలిగేదీ అదే.