సోలాపూరు తెలుగు శ్రామికులు – ఆరోగ్య బీమాకు గల అడ్డంకులు

మహారాష్ట్రమందలి సోలాపూరునకు తెలంగాణపు పల్లెలనుండి పద్మశాలీలు పొట్ట చేతబట్టుకొని తరలివెళ్లిన చరిత్ర దీర్ఘమైనది. 1877లో అచట నూలుమిల్లు వెలసిన పిదప ఈ వలస బలపడెను. పురుషులు మగ్గముల కడను, స్త్రీలలో అనేకులు ఇంటి అరుగుమీద బీడీలు చుట్టుచును జీవిక గడపిరి. వారు నేసిన దుప్పట్లకు దేశమంతటను పేరు వచ్చినది. కాని నేసినవారికి జబ్బుచేసినపుడు ఆదరువు దొరకుట సులభము కాలేదు.

శ్రామికులకు ఆరోగ్య బీమా ఏర్పరచు ఆలోచన స్వాతంత్ర్యమునకు పూర్వమే పుట్టినది. 1943లో నియమితుడైన ఆచార్య బి.పి. అదార్కరు 1944లో తన నివేదికను సమర్పించెను. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వెలువడగా, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో పథకము ఆరంభమైనది. యజమానియు కార్మికుడును చెల్లించు చందాలతో వైద్యమును, జబ్బు కాలమున భత్యమును లభించు ఏర్పాటిది.

అయితే ఆ చట్టము మొదట విద్యుచ్ఛక్తితో నడచుచు, ఇరువదిమందికి తక్కువ కాని పనివారు గలిగి, ఏడాది పొడుగున సాగు కర్మాగారములకే వర్తించెను. పెద్ద మిల్లులోని కార్మికుడు గడప లోపల నిలువగా, చిన్న షెడ్డులోని నేతగాడు వెలుపలనే నిలిచెను. పని యొక్కటే, జబ్బు యొక్కటే, తేడా తలల లెక్కలో మాత్రమే. 1989 సవరణచే ఆ సంఖ్య పదికి తగ్గినను, అంతకంటె తక్కువమందితో నడచు షెడ్ల వారికి ఫలము దక్కలేదు. పెద్ద మిల్లు మూతపడి చిన్న షెడ్డు చేరిన కార్మికుడు కూలితోపాటు బీమాను సైతము పోగొట్టుకొనెను.

బీడీ స్త్రీల చిక్కు వేరు. ఆకు, పొగాకు గుత్తేదారు ఇచ్చును. వేయింటికి ఇంతయని కూలి ముట్టును. మరి యజమాని యెవరు? 1966 చట్టము ఇంటివద్ద పనిచేయువారిని సైతము కార్మికులుగా గుర్తించెను. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడి, దానినుండి వైద్యశాలలు నడచెను. భవిష్యనిధి విషయమున ఇంటి పనివారును ఉద్యోగులేయని 1985లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. అయినను గుర్తింపు పత్రము లేనిదే హక్కు చేతికి రాదు; చిట్టాలో పేరు లేనిదే పత్రము రాదు. ఆ నిధికి మూలమైన సుంకము 2017లో వస్తు సేవల పన్ను రాకతో రద్దైనది.

చందాతో పని లేని పథకములు తరువాత వచ్చెను. ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైనది. కాని అది ఆ రాష్ట్రపు రేషను కార్డు గలవారికే పరిమితము. పూర్వికుల ఊరు తెలంగాణమైనను, కార్డు మహారాష్ట్రమున నున్నవానికి అది వర్తించలేదు. 2008లో కేంద్రప్రభుత్వపు రాష్ట్రీయ స్వాస్థ్య బీమా కుటుంబమునకు ఏటా 30,000 రూపాయలవరకు చికిత్స కల్పించెను. 2012లో మహారాష్ట్ర ప్రభుత్వము తన పథకమును తొలుత ఎనిమిది జిల్లాలలో ఆరంభింపగా, వానిలో సోలాపూరు ఒకటి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబమునకు ఐదులక్షల రూపాయల రక్షణ ప్రకటించెను. అర్హులను మాత్రము 2011 గణన జాబితా ననుసరించి నిర్ణయించెను. అద్దె యిండ్లు మారుచుండు కుటుంబములకు పాత జాబితాలో తమ పేరు వెదకుకొనుటయే ఒక శ్రమ.

తెలుగువారికి మరియొక చిక్కును గలదు. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. మరాఠీ రివాజున అది చివర నుండును. ఒక పత్రమున ఒక తీరున, వేరొక పత్రమున మరొక తీరున పేరెక్కినచో, ఆసుపత్రి గడపమీద ఒకే మనిషి ఇద్దరుగా కనబడును.

ఈ చరిత్రను పరికించినచో, బీమా లేకపోవుటకు పేదరికమొక్కటే హేతువు కాదని తేటపడును. పనివారి సంఖ్య, యజమాని జాడ, నివాసపు ఋజువు, పేరు వ్రాత — ఈ నాలుగు గడపలను దాటినవానికే వైద్యము చేరువైనది. కావున ప్రవాసమందలి తెలుగు సంఘములు ఉత్సవములతోపాటు తమవారి పత్రములను జబ్బు రాకమునుపే సరిచూచి దిద్దించు పనికి పూనుకొనుట మిక్కిలి అవసరము. రోగము వచ్చిన పిదప కార్డు వెదకువానికి కాలము చాలదు.